కంటి అంచు మూలకణాల ఖండాంతర ప్రయాణం

దెబ్బతిన్న అవయవాన్ని మందులతో నెట్టుకురావడమో, మరొకరి అవయవాన్ని తెచ్చి అమర్చడమో కాకుండా, శరీరానికి సహజంగా ఉన్న పునర్నిర్మాణ శక్తిని ఆసరా చేసుకుని ఆ కణజాలాన్నే తిరిగి పెంచడానికి పూనుకునే శాస్త్రాన్ని పునరుజ్జీవన వైద్యం లేదా రీజెనరేటివ్ మెడిసిన్ అంటారు. ఈ రంగంలో గత పాతికేళ్లుగా వెలువడిన ఆశాజనకమైన ప్రకటనలకు లెక్క లేదు గాని, ప్రయోగశాల దాటి రోగి దాకా వచ్చి, ఏళ్ల తరబడి ఫలితం నిలబెట్టుకున్న చికిత్సలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. ఆ కొద్దిపాటి చికిత్సల్లో కంటి కార్నియాకు చేసే మూలకణ చికిత్స ఒకటి. ఇది ఏ ఒక్క దేశమో కనిపెట్టి మిగతా ప్రపంచానికి ఎగుమతి చేసింది కాదు. దీనికి కావలసిన మౌలిక పద్ధతి అమెరికాలో పుట్టింది, మనిషి కంటి మీద మొదటి రుజువు ఇటలీలో దొరికింది, తైవాన్, జపాన్ వైద్యులు దానికి కొత్త ఆధారాలు సమకూర్చారు, ప్రయోగశాల అవసరమే లేకుండా దాన్ని సులభతరం చేసిన పని హైదరాబాద్‌లో జరిగింది. దేశాల మధ్య సహకారం వల్ల పరిశోధన చికిత్సగా ఎలా మారుతుందో, ఆ దారిలో ఎక్కడెక్కడ చిక్కులు పడుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేటగా కనిపించే ఉదాహరణ అరుదు.

నల్లగుడ్డు అంచున ఏముంది?

కంటి ముందు భాగంలో నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. దీన్నే శుక్లపటలం అని కూడా అంటారు. మధ్యభాగంలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూఇటూగా ఉంటుంది. వెలుతురు దాని గుండానే లోపలికి పోవాలి కాబట్టి అందులో రక్తనాళాలు ఉండవు. కార్నియా పైభాగాన అయిదు నుంచి ఏడు వరుసల కణాలతో ఏర్పడిన పలుచని తొడుగు ఉంటుంది, దాని పేరు ఎపిథీలియం. రెప్పల రాపిడికీ గాలికీ దుమ్ముకీ ఈ కణాలు నిత్యం రాలిపోతూ, వాటి చోట కొత్తవి చేరుతూ ఉండడం వల్ల సుమారు వారం పది రోజులకొకసారి ఆ తొడుగు మొత్తం కొత్తదవుతుంది. ఈ కొత్త కణాలు పుట్టేది కార్నియా మధ్యలో కాదు, నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే చోట వలయంలా ఉండే లింబస్ అనే సన్నని అంచులో. నారుమడిలో పెరిగిన నారే పొలమంతటా పరుచుకున్నట్టు, ఈ అంచులో ఉన్న మూలకణాల సంతతే కార్నియా ఉపరితలమంతా విస్తరిస్తుంది. తనలాంటి కణాలను పుట్టిస్తూనే, అవసరమైన ప్రత్యేక కణాలుగా మారగల సంతతినీ ఇవ్వగలిగే కణాన్ని మూలకణం అంటారు. లింబస్‌కు ఇటువంటి పాత్ర ఉండవచ్చునని 1971లో నార్వే శాస్త్రజ్ఞులు డావాంగర్, ఎవెన్సన్ సూచించగా, కార్నియా మూలకణాలు ఉండేది అక్కడేనని 1986లో న్యూయార్క్‌లో టంగ్-టియెన్ సన్ బృందం కెరాటిన్ అనే ప్రోటీను జాడల ఆధారంగా చూపింది.

సున్నం, ఘాటైన ఆమ్లాలు, కర్మాగారాల్లోనూ ఇళ్లలోనూ వాడే క్షారాలు కంట్లో పడినప్పుడు ఈ అంచు కాలిపోతుంది. ఆమ్లం కంటే క్షారం మరింత ప్రమాదకరం, ఎందుకంటే అది కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చి, కణజాలాన్ని కరిగించుకుంటూ లోతుకు దిగుతుంది. మన దేశంలో కిళ్లీకి వాడే సున్నం ప్యాకెట్‌ను పసిపిల్లలు చేతిలో నొక్కినప్పుడు అది చిట్లి కళ్లలో పడడం తీవ్రమైన కంటి గాయాలకు ఒక కారణమని వైద్యులు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. లింబస్ మూలకణాలు నశించాక కార్నియాకు కొత్త కణాలు అందవు; తెల్లగుడ్డును కప్పి ఉండే కంజంక్టైవా అనే పొర తన రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకి, కంటికి పువ్వు వేసినట్టు మసక కమ్ముతుంది, మంట, నీరు కారడం, వెలుగు చూడలేకపోవడం వంటి బాధలు మొదలవుతాయి. ఈ స్థితిని లింబల్ మూలకణాల లోపం అంటారు. నేత్రదానంలో వచ్చిన కార్నియాను మాత్రమే అమర్చితే ఇక్కడ ప్రయోజనం ఉండదు, కారణం ఆ కొత్త కార్నియా మీది తొడుగు కొన్నాళ్లకు రాలిపోయాక దాన్ని తిరిగి నింపే మూలకణాలు రోగి కంట్లో లేకపోవడమే.

చర్మం నుంచి కంటికి

కంటి చికిత్సకు దారి తీసిన మొదటి అడుగు కంటి పరిశోధనలో పడలేదు. 1975లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవార్డ్ గ్రీన్ మనిషి చర్మపు కణాలను శరీరం బయట దీర్ఘకాలం పెంచే పద్ధతి కనిపెట్టారు. వికిరణంతో విభజన శక్తి కోల్పోయేలా చేసిన ఎలుక కణాలను పళ్లెం అడుగున పరిచి, వాటి నుంచి వెలువడే పోషక సంకేతాలతో మనిషి కణాలు ఎదిగేలా చూడడం ఆ పద్ధతిలోని కిటుకు. 1983లో ఒళ్లు 95 శాతానికి పైగా కాలిపోయిన ఇద్దరు అన్నదమ్ములకు, వారి శరీరంలో మిగిలిన కొద్దిపాటి చర్మం నుంచే ఈ విధంగా విశాలమైన చర్మపు పొరలు పెంచి, బోస్టన్‌లో వైద్యులు వారి ప్రాణాలు నిలిపారు. కణాలను పెంచి రోగికి అమర్చడం సాధ్యమేనని వైద్యలోకానికి నమ్మకం కుదిరింది అప్పుడే.

గ్రీన్ ప్రయోగశాలలో పని నేర్చుకున్న ఇటలీ శాస్త్రజ్ఞుడు మికేలే డి లూకా ఆ విద్యను స్వదేశానికి తీసుకుపోయి, గ్రాజియెల్లా పెల్లెగ్రీనితో కలిసి కంటి మీదికి మళ్లించాడు. ఒక కన్ను చెడి, మరొక కన్ను బాగున్న రోగి విషయంలో, బాగున్న కంటి లింబస్ నుంచి ఒకటి రెండు చదరపు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ప్రయోగశాలలో పొరగా పెంచి, చెడిన కంటికి అమర్చవచ్చునని 1997లో వారు ఇద్దరు రోగుల ఫలితాలతో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అంతకు ముందు 1989లోనే అమెరికాలో కెన్యన్, సెంగ్ అనే వైద్యులు ఆరోగ్యవంతమైన కంటి అంచును నేరుగా తీసి రెండవ కంటికి అతికే శస్త్రచికిత్సను పరిచయం చేశారు గాని, దానికి లింబస్‌లో పెద్ద భాగమే కోయవలసి రావడంతో, ఉన్న ఒక్క మంచి కన్నూ ఏమవుతుందోనన్న భయం రోగులనూ వైద్యులనూ వెన్నాడేది. ఇటలీ పద్ధతి ఆ భయాన్ని చాలావరకు తీర్చింది. 2000లో తైవాన్ వైద్యులు ఉమ్మనీటి సంచి లోపలి పొర మీద లింబల్ కణాలను పెంచి, ఆ పొరతో సహా ఆరుగురి కళ్లకు అమర్చి ఫలితాలు చూపారు. అమ్నియోటిక్ పొర అనే ఈ పలుచని కణజాలం కాన్పు తర్వాత మావితో పాటు పారవేసేదే అయినా, వాపును తగ్గించి కణాలు పాకడానికి పాన్పు పరిచే గుణం దానికి ఉండడంతో, తర్వాత రోజుల్లో ఆసియా దేశాల్లో ఈ చికిత్సకు అదే ప్రధాన ఆధారమైంది.

చర్మం విషయంలోనూ ఈ విద్య సరిహద్దులు దాటుతూనే వచ్చింది. 2015లో జర్మనీలోని బోకుం ఆసుపత్రిలో, ముట్టుకుంటేనే చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే జన్యువ్యాధితో చావుబతుకుల మధ్య ఉన్న ఏడేళ్ల సిరియా బాలుడికి, ఇటలీలోని మోదెనా విశ్వవిద్యాలయంలో డి లూకా బృందం జన్యులోపం సరిదిద్ది పెంచిన చర్మపు పొరలను జర్మన్ వైద్యులు అమర్చారు. ఆ బాలుడి ఒంటి మీది చర్మంలో 80 శాతం కొత్తదేనని 2017లో ప్రచురితమైన నివేదిక తెలిపింది.

ముప్పై ఆరు గంటల మందు

1997లో ఇటలీలో ఇద్దరు రోగుల కళ్లలో ఫలించినంత మాత్రాన ఆ పద్ధతిని చికిత్స అనడానికి వీల్లేదు. అది ఎంతమందిలో, ఎన్నేళ్లపాటు పనిచేస్తుందో, పనిచేయని చోట కారణమేమిటో తేలాలి. 2010లో పావొలో రామా, పెల్లెగ్రీని, డి లూకా తదితరులు 112 మంది రోగుల వివరాలను న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. 76.6 శాతం కళ్లలో కార్నియా శాశ్వతంగా కోలుకుందనీ, కొందరిలో పదేళ్ల వరకు ఫలితం చెక్కుచెదరలేదనీ తేలింది. అంతకంటే విలువైన విషయం మరొకటి అందులో ఉంది. పెంచిన పొరలో అసలైన మూలకణాలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని పీ63 అనే ప్రోటీను ప్రకాశాన్ని బట్టి లెక్కించినప్పుడు, వృద్ధి చెందగల కణాల్లో వాటి వాటా 3 శాతం దాటిన చోట 78 శాతం మందిలో చికిత్స ఫలించగా, 3 శాతం లేదా అంతకు తక్కువ ఉన్న చోట 11 శాతం మందిలో మాత్రమే ఫలించింది. అంటే రోగికి ఇచ్చే ముందే ఆ పొర నాణ్యతను ప్రయోగశాలలో కొలిచే ఒక సాధనం చిక్కింది. కణాన్ని మందుగా తయారుచేసి అమ్మాలంటే ఇటువంటి కొలత తప్పనిసరి.

ఈ ఆధారాలతో 2015 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ హోలోక్లార్ అనే పేరుతో ఈ చికిత్సకు షరతులతో కూడిన అనుమతి ఇచ్చింది. మూలకణాలతో తయారైన ఔషధానికి యూరప్‌లో దక్కిన తొలి అనుమతి అదే. గత రోగుల రికార్డుల మీద ఆధారపడి ఇచ్చిన అనుమతి కాబట్టి, ముందుగా ప్రణాళిక వేసుకుని పలు దేశాల్లో కొత్త అధ్యయనం జరపాలన్నది ఆ షరతు.

అయితే ఈ మందు స్వభావమే దాని విస్తరణకు హద్దు గీసింది. రోగి కంటి నుంచి తీసిన ముక్క ఇటలీలోని మోదెనాకు చేరాలి, అక్కడ కఠినమైన శుభ్రతా ప్రమాణాలున్న గదుల్లో వారాల తరబడి పెరగాలి, సిద్ధమైన పొర తిరిగి అదే రోగి ఉన్న ఆసుపత్రికి రావాలి. సజీవమైన కణాల పొర కనుక దాన్ని గడ్డకట్టించకూడదు, వేడెక్కనివ్వకూడదు; 15 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతూ, తయారైన 36 గంటల్లోగా రోగికి అమర్చాలి. విమానం ఆలస్యమైనా, ఆ రోజు రోగికి జ్వరం తగిలి ఆపరేషన్ వాయిదా పడినా పొర వృథా. ఒక్కొక్క పొరా ఒక్క రోగి కోసమే తయారవుతుంది కాబట్టి మాత్రల్లా గంపగుత్తగా చేసి ధర తగ్గించే వీలూ లేదు. 2017లో బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ దీన్ని పరిశీలించినప్పుడు, ఒక్కో చికిత్సకు ప్రకటించిన ధర 80,000 పౌండ్లు. సున్నం పడి కన్ను పోగొట్టుకున్న కూలికి గాని, అటువంటి రోగులు ఎక్కువగా ఉండే దేశాల ప్రభుత్వాలకు గాని ఆ ధర అందుబాటులో ఉండదు.

హైదరాబాద్‌లో తిరిగిన మలుపు

అమెరికాలోని రాచెస్టర్ నుంచి తిరిగివచ్చిన గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థను ప్రారంభించారు. కార్నియా దెబ్బతిన్న రోగులు తెలుగు జిల్లాల నుంచే గాక దేశం నలుమూలల నుంచి అక్కడికి వచ్చేవారు. 2001లో ఆ సంస్థలో శస్త్రవైద్యుడు వీరేందర్ సింగ్ సంగ్వాన్, కణశాస్త్ర ప్రయోగశాలను నడిపిన గీతా వేముగంటి, సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) పూర్వ సంచాలకుడు డి. బాలసుబ్రమణియన్ తదితరులు లింబల్ కణాలను పెంచి అమర్చే చికిత్స మొదలుపెట్టారు. వారు ఇటలీ పద్ధతిని యథాతథంగా తీసుకోలేదు. ఎలుక కణాల పాన్పును వదిలేసి అమ్నియోటిక్ పొరను వాడారు, దూడ రక్తరసానికి బదులు రోగి రక్తం నుంచే తీసిన రసంతో కణాలను పెంచారు. దీనివల్ల ఖర్చు తగ్గడంతో పాటు జంతు కణజాలం వల్ల రాగల ముప్పు కూడా తప్పింది. పదేళ్ల అనుభవంతో 200 మంది రోగుల ఫలితాలను 2011లో ప్రచురించినప్పుడు 71 శాతం మందిలో చికిత్స సఫలమైనట్టు తేలింది. ఒకే కేంద్రం నుంచి ఇంత పెద్ద సంఖ్యలో ఫలితాలు రావడం అప్పటికి అరుదు. పోర్చుగల్‌కు చెందిన షాంపలిమో ఫౌండేషన్ హైదరాబాద్ సంస్థలో నేత్ర పరిశోధనను చికిత్సగా మలిచే కేంద్రానికి సాయపడడం కూడా ఈ కృషికి బలం చేకూర్చింది.

ఇంత చవకగా చేసినా ప్రయోగశాల మాత్రం తప్పలేదు. కణాలను పెంచగల శుభ్రమైన గదులు, శిక్షణ పొందిన సాంకేతిక సిబ్బంది, ప్రభుత్వ అనుమతులు ఉన్న ఆసుపత్రులు దేశంలో ఎన్నని? ఈ అడ్డంకిని దాటడానికి సంగ్వాన్ బృందం ఒక ప్రాథమిక ప్రశ్న వేసుకుంది. కణాలు పెరగడానికి వెచ్చదనం, తేమ, పోషకాలు, పాకడానికి ఒక పొర కావాలి. ఇవన్నీ రోగి కంట్లోనే ఉండగా వాటిని బయట పళ్లెంలో పెంచడం ఎందుకు? దీనికి సమాధానంగా 2012లో ఆరుగురు రోగుల ఫలితాలతో ప్రకటించిన పద్ధతి పేరు సింపుల్ లింబల్ ఎపిథీలియల్ ట్రాన్స్‌ప్లాంటేషన్. పొడి అక్షరాల్లో దాన్ని స్లెట్ అంటారు.

ఆ శస్త్రచికిత్స జరిగే తీరు ఇది. ముందుగా బాగున్న కంటి అంచు నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న ముక్కను వైద్యుడు తీస్తాడు. చెడిన కంటి మీద అల్లుకున్న మసక పొరను, రక్తనాళాలను ఒలిచివేసి, ఖాళీ అయిన కార్నియా మీద అమ్నియోటిక్ పొరను పరిచి, రక్తం గడ్డకట్టేటప్పుడు సహజంగా ఏర్పడే ఫైబ్రిన్ అనే ప్రోటీను జిగురుతో అతికిస్తాడు. కుట్లు వేయవలసిన పని ఉండదు. తర్వాత తీసిన ముక్కను ఎనిమిది నుంచి పది నలుసులుగా కోసి, కణాలు ఉన్న వైపు పైకి ఉండేలా చూసుకుంటూ, చూపుకు కీలకమైన మధ్యభాగాన్ని వదిలి, వలయంగా ఒక్కొక్కటీ జిగురుతో అమరుస్తాడు. చివరకు పైన కాంటాక్ట్ లెన్స్ పెడతాడు. ఆ నలుసుల నుంచి కణాలు నలుదిక్కులకూ పాకి, కొన్ని వారాల్లో ఒకదానితో ఒకటి కలిసి కార్నియాను కప్పేస్తాయి. ఇదంతా ఒకే పూట ఒకే ఆపరేషన్ గదిలో ముగుస్తుంది. కణాల రవాణా లేదు, 36 గంటల గడువూ లేదు. కణాలను బయట పెంచితే అనేక దేశాల చట్టాలు దాన్ని ఔషధ తయారీగా లెక్కగడతాయి గాని, ఇక్కడ కణజాలం ఒక కంటి నుంచి మరొక కంటికి నేరుగా మారుతుంది కాబట్టి ఇది శస్త్రచికిత్స కిందికే వస్తుంది.

125 మందికి చేసిన స్లెట్ ఫలితాలను సయన్ బసు, సంగ్వాన్ తదితరులు 2016లో ప్రచురించారు. వారిలో 65 మంది పెద్దలు, 60 మంది పిల్లలు. 76 శాతం మందిలో చికిత్స ఫలించింది. రోగుల్లో సగానికి దగ్గరగా పిల్లలే ఉండడం గమనించదగ్గది, ఎందుకంటే ఇటువంటి గాయాలు పిల్లలను ఎంతగా దెబ్బతీస్తున్నాయో అది చెబుతుంది.

ఒకే కొలబద్ద ఉంటేనే నమ్మకం

ఒక పద్ధతి దాన్ని కనిపెట్టినవారి చేతుల్లో బాగా పనిచేయడం వింత కాదు. వేరే ఊళ్లో, వేరే వైద్యుల చేతుల్లో, వేరే రోగుల్లో పనిచేసినప్పుడే అది చికిత్స అవుతుంది. స్లెట్ ఈ పరీక్షకు త్వరగానే నిలిచింది. 2014లో అమెరికాలోని మయామీ వైద్యులు దీన్ని కొద్ది మార్పులతో చేసి ఫలితాలు వెల్లడించారు. 2016లో మూడు దేశాల్లోని ఎనిమిది కేంద్రాలు తమ రోగుల వివరాలను ఒక్కచోట చేర్చి పరిశీలించగా, 68 కళ్లలో 57 కళ్లకు, అంటే 83.8 శాతానికి, మేలు జరిగినట్టు తేలింది. హైదరాబాద్ ఫలితాలకు అది మరొక సాక్ష్యం.

అయితే శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో ఒక చిక్కు ఉంది. మేలు జరగడం అంటే ఏమిటన్న దానిమీద కేంద్రాల మధ్య ఒకే అవగాహన లేకపోతే ఆ పోలికకు అర్థం ఉండదు. ఒకరు కార్నియా పూర్తిగా తేటపడితేనే విజయంగా లెక్కిస్తారు, మరొకరు అంచున కాస్త రక్తనాళాలు మిగిలినా విజయమే అంటారు. ఈ లోటు తీర్చడానికి కార్నియా సొసైటీ 2012లో వివిధ దేశాల నిపుణులతో ఒక కార్యవర్గాన్ని ఏర్పాటు చేయగా, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సోఫీ డెంగ్ తదితరులు వ్యాధి నిర్వచనం, నిర్ధారణ, దశలపై 2019లో, చికిత్సపై 2020లో ఏకాభిప్రాయ పత్రాలు వెలువరించారు. కార్నియా మధ్యలోని అయిదు మిల్లీమీటర్ల భాగం చెడకుండా ఉంటే మొదటి దశ, ఆ భాగానికీ వ్యాధి పాకితే రెండవ దశ, ఉపరితలం మొత్తం చెడితే మూడవ దశ అని వారు విభజించారు. లింబస్ ఎంత నష్టపోయిందన్న దాన్ని బట్టి వాటిలో ఉపవిభాగాలు కూడా ఉన్నాయి. ప్రచారానికి నోచుకోని ఇటువంటి కాగితపు పని లేకుండా, హైదరాబాద్ రోగినీ బోస్టన్ రోగినీ ఒకే తక్కెడలో తూచడం కుదరదు.

ఈ కొలబద్ద విలువ ఇటీవలి ఒక అధ్యయనంలో స్పష్టంగా కనిపిస్తుంది. బోస్టన్‌లోని మాస్ ఐ అండ్ ఇయర్ ఆసుపత్రిలో ఊలా జుర్కునాస్ బృందం, ఎలుక కణాల పాన్పు లేకుండా పెంచిన లింబల్ కణాల పొరను 14 మందికి అమర్చిన ఫలితాలను 2025లో ప్రచురించింది. ఏడాది తర్వాత పూర్తి విజయం సాధించినవారు 79 శాతం. పాక్షిక విజయాన్ని కూడా కలిపితే 93 శాతం. ఆ పరిశోధకులు రెండు అంకెలనూ విడివిడిగా ఇచ్చారు కాబట్టి చదివేవారికి గందరగోళం లేదు. ఒక్క అంకెనే ప్రకటించే చోట మాత్రం, అది ఏ కొలతతో వచ్చిందో రోగి అడిగి తెలుసుకోవలసిందే.

తొందర, జాగ్రత్త

కణ చికిత్సల అనుమతుల విషయంలో దేశాలు వేర్వేరు దారులు తొక్కుతున్నాయి. జపాన్ 2013లో చట్టాలు చేసి 2014 నుంచి అమలులోకి తెచ్చిన విధానం ప్రకారం, ప్రమాదం లేదని తేలి, ప్రయోజనం ఉండవచ్చునన్న సూచన కనిపిస్తే చాలు, కొన్నేళ్ల గడువుతో అనుమతి ఇచ్చి, ఆ గడువులోగా పూర్తి రుజువులు సమర్పించమంటారు. రోగికి త్వరగా చికిత్స అందుతుందన్నది దానిలోని మంచి. రుజువు దొరకకముందే చికిత్స బజారులోకి వస్తుందన్నది దానిలోని ముప్పు. గుండె వైఫల్యానికి రోగి తొడ కండర కణాలతో చేసిన హార్ట్‌షీట్ అనే ఉత్పత్తికి 2015లో ఇలా అనుమతి దొరకగా, ఆశించిన ప్రయోజనం నిరూపితం కాలేదని 2024లో నిపుణుల కమిటీ తేల్చడంతో అది వెనక్కి వెళ్లింది. నిజానికి తప్పును తప్పుగా తేల్చగలిగిన వ్యవస్థ ఉండడం కూడా ఒక రక్షణే.

అసలు ప్రమాదం ఏ వ్యవస్థకూ లొంగని చోట ఉంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్, పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలను ముగ్గురు మహిళల రెండు కళ్లలోకీ ఒకేసారి ఎక్కించగా వారి చూపు దారుణంగా దెబ్బతిన్నదని 2017లో వైద్య పత్రికలో వెల్లడైంది. పరిశోధన పేరు చెప్పి రోగుల దగ్గరే డబ్బు వసూలు చేయడం, రెండు కళ్లకూ ఒకే రోజు చేయడం అక్కడ తొలి హెచ్చరికలు. అంతర్జాతీయ మూలకణ పరిశోధన సంఘం 2021లో సవరించిన మార్గదర్శకాలు, మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే: నిరూపితం కాని మూలకణ చికిత్సను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో తప్ప రోగికి ఇవ్వరాదు. ట్రయల్ అంటే ముందుగా నమోదై, నైతిక సంఘం పరిశీలనలో, రోగి సమ్మతితో జరిగే ప్రయోగం.

రెండు కళ్లూ చెడినవారి మాట

స్లెట్ అయినా హోలోక్లార్ అయినా, రోగికి కనీసం ఒక కంట్లోనైనా చెడని లింబస్ కొంత ఉండాలన్న షరతు మీదే నిలబడి ఉన్నాయి. కొన్ని మందులు వికటించడం వల్ల వచ్చే స్టీవెన్స్-జాన్సన్ జబ్బులో గాని, రెండు కళ్లలోనూ రసాయనం పడినప్పుడు గాని చాలామందికి ఆ అవకాశం ఉండదు. రక్తసంబంధీకుల నుంచి కణజాలం తీసుకోవచ్చు గాని, శరీరం దాన్ని తిరస్కరించకుండా ఏళ్ల తరబడి రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడాలి. ఇక్కడ దారి చూపినవారు జపాన్ పరిశోధకులు. రోగి బుగ్గ లోపలి పొర కణాలను పెంచి కార్నియా మీద పరిచే పద్ధతిని 2004లో కోజి నిషిదా, తెరువో ఒకానో బృందం నలుగురిలో చూపింది. చల్లబరిస్తే చాలు, కణాల పొర చిరగకుండా తనంతట తానే ఊడివచ్చే ప్రత్యేకమైన పళ్లెం ఒకానో ఆవిష్కరణ. ఆ మార్గంలో వచ్చిన ఉత్పత్తికి జపాన్‌లో 2021లో అనుమతి లభించింది.

అదే నిషిదా ఒసాకాలో 2019లో మరొక అడుగు వేశారు. పూర్తిగా ఎదిగిన శరీర కణాన్ని తిరిగి పిండదశ లాంటి స్థితికి తీసుకుపోవచ్చునని 2006లో షిన్యా యమనాకా చూపగా, 2012లో ఆయనకు జాన్ గర్డన్‌తో పాటు నోబెల్ బహుమతి దక్కింది. ఇలా తయారైన ఐపీఎస్ కణాల నుంచి కార్నియా పొరను పెంచి నిషిదా బృందం నలుగురు రోగులకు అమర్చింది. రెండేళ్ల పరిశీలనలో తీవ్రమైన హాని కనబడలేదని 2024లో లాన్సెట్‌లో తెలిపింది. నలుగురి అనుభవం నమ్మకానికి మొదటి మెట్టు మాత్రమే. ఇటలీ ఇద్దరు రోగుల నుంచి 112 మందికి చేరడానికి పదమూడేళ్లు పట్టిన సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

కార్నియా పై తొడుగు కాక దాని లోపలి మందమైన భాగంలో మచ్చ పడినవారి కోసం మరో ప్రయత్నం హైదరాబాద్, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌ల మధ్య సాగింది. లింబస్ ముక్క నుంచే తీసిన వేరొక రకం మూలకణాలు ఎలుకల కార్నియాలో మచ్చ ఏర్పడకుండా ఆపగలవని సయన్ బసు, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ఫండర్‌బర్గ్ తదితరులు 2014లో చూపిన తర్వాత, మనుషుల మీద తొలి ప్రయోగాలు హైదరాబాద్‌లో మొదలయ్యాయి. ప్రయోగశాల ఒక ఖండంలో, రోగులు మరొక ఖండంలో ఉండే ఇటువంటి ఏర్పాటులో ఒక నైతిక బాధ్యత కూడా ఉంది. ప్రయోగానికి ఒప్పుకున్న రోగులు ఏ దేశం వారో, ఆ చికిత్స నిరూపితమైన రోజున ముందుగా వారి దేశంలోనే అందుబాటు ధరకు దొరకాలి.

ఈ యాభై ఏళ్ల చరిత్రను కలిపి చూస్తే, సహకారం అత్యధికంగా ఫలించింది పెద్ద ఒప్పందాల్లో కాదని అర్థమవుతుంది. గ్రీన్ దగ్గర నేర్చిన విద్యను డి లూకా ఇటలీకి తీసుకుపోవడంలో, ఇటలీ పద్ధతిని హైదరాబాద్ తన రోగుల స్తోమతకు తగ్గట్టు మార్చుకోవడంలో, హైదరాబాద్ పద్ధతిని మయామీ అందుకోవడంలో, అందరూ ఒకే కొలతకు ఒప్పుకోవడంలో అది ఫలించింది. నాణ్యతను కొలిచే శాస్త్రం ఇటలీ ఇవ్వకపోతే ఈ చికిత్స మీద నమ్మకం కుదిరేది కాదు. కణాలు పెంచే ప్రయోగశాలను తప్పించే ఉపాయం హైదరాబాద్ చూపకపోతే అది సంపన్న దేశాలు దాటేదీ కాదు. కాబట్టి పునరుజ్జీవన వైద్యంలో రాబోయే ఏ ఆవిష్కరణకైనా రెండు ప్రశ్నలు వేసి చూడడం మంచిది: కనిపెట్టినవారి ప్రమేయం లేకుండా మరొక ఊరి వైద్యుడు దాన్ని చేయగలడా, చేసినప్పుడు వచ్చిన ఫలితాన్ని అందరూ ఒప్పుకున్న కొలతతో చెప్పగలడా? ఈ రెండింటికీ అవునన్న జవాబు వచ్చేదాకా అది ఇంకా పరిశోధన దశలోనే ఉన్నట్టు లెక్క.